ఆ పెట్టె కూడా వాయిద్యమే

లియో ఫెండర్‌కు గిటార్ వాయించడం రాదు. చదువుకున్నది అకౌంట్లు. ఉద్యోగం ఊడాక 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ అనే ఊళ్ళో రేడియో రిపేరు షాపు తెరిచాడు. చుట్టుపక్కల పాటగాళ్ళు తమ మైక్‌సెట్లూ గిటార్ యాంప్లిఫయర్లూ మోసుకొచ్చి ఆయన బల్ల మీద పెట్టేవారు. విప్పడం, కాలిపోయినదాన్ని మార్చడం, మళ్ళీ బిగించడం. కొన్నేళ్ళు అలా చేశాక అవి ఎందుకు కాలిపోతున్నాయో అర్థమైంది. అప్పుడు తానే తయారుచేయడం మొదలుపెట్టాడు. తయారైనదాన్ని వాయించేవాళ్ళ చేతికిచ్చి, వాళ్ళు ముఖం చిట్లించిన చోటల్లా మార్చేవాడు. రాక్ సంగీతం పుట్టాక లోకం విన్న గిటార్ మోతలో చాలా భాగానికి మూలపురుషుడు ఈ రేడియో మెకానిక్కే.

అలాంటి షాపులు మనకూ ఉండేవి. 1948లో విజయవాడ రేడియో కేంద్రం మొదలైన రోజుల్లో ఇంట్లో వాల్వు రేడియో ఉండటమంటే హోదా. స్విచ్చి వేయగానే అది పలికేది కాదు. లోపల గాజు బుడ్లు మెల్లగా ఎర్రబడి, ఓ అర నిమిషానికి ‘గుంయ్’మని, ఆ తర్వాతే గొంతు విప్పేది. కొన్నేళ్ళ తర్వాతి రేడియోల్లో ఈఎల్ 84 అనే చిన్న బుడ్డి ఉండేది. అలాంటివి నాలుగు పక్కపక్కన పెట్టి ఇంగ్లండ్‌లో వాక్స్ ఏసీ 30 అనే యాంప్ చేశారు. బీటిల్స్ తొలినాళ్ళలో వాయించింది దాంట్లోనే. మన ముందుగదిలో వార్తలు చదివిన వాల్వూ, అక్కడ లక్షలమందిని ఊగించిన వాల్వూ ఒకే జాతివి. మారిందల్లా దాన్ని ఎంత కష్టపెట్టారన్నదే.

పెళ్ళిపందిట్లో మైక్‌సెట్ అబ్బాయి ఉంటాడు. అతని యాంప్లిఫయర్ ధర్మం ఒక్కటే: పురోహితుడు ఏమంటే అదే పెద్దగా చెప్పడం. పెంచాలి, మార్చకూడదు. ఆ లెక్కన చూస్తే గిటార్ యాంప్ పరమ దుర్మార్గపు యాంప్లిఫయర్. చెవి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంటే దాని స్పీకరు 5,000 దాటితే చేతులెత్తేస్తుంది. మధ్యలో కొంత మింగేస్తుంది, పైన కొంత కల్పించి చెబుతుంది. గట్టిగా మీటితే ఉన్నమాట వదిలేసి తన మాట మొదలుపెడుతుంది.

అయినా అది లేకపోతే ఎలక్ట్రిక్ గిటార్ లేదు. గట్టి చెక్కపలక మీద బిగించిన ఉక్కు తీగ ఒంటరిగా మీటితే పక్క గదిలోకి కూడా వినపడదు. బొబ్బిలి వీణకు పనస మాను తొలిచి కుండ చేస్తారు. తీగ కదలికకు ఒళ్ళూ పేరూ ఇచ్చేది ఆ కుండే. ఎలక్ట్రిక్ గిటార్‌కు ఆ కుండ పది అడుగుల దూరాన, కేబుల్ చివర ఉంటుంది. అందుకే యాంప్‌ను గిటార్‌కు ఉపకరణం అనడం వీణకు కుండ ఉపకరణం అన్నట్టే. గిటార్ మీద లక్ష పోసి యాంప్ దగ్గర బేరమాడే కుర్రాళ్ళకు ఈ సంగతి ఎవరైనా ముందే చెబితే బాగుండును.

ధ్వనిని చేతులారా కాస్త పాడుచేసి అందంగా మార్చడం మనవాళ్ళకు కొత్త కాదు. తంబురా తీగకూ గుర్రానికీ మధ్య నూలుపోగు దూరుస్తారు. దాన్ని జీవ అంటారు. పోగు సరైన చోట కుదిరితే తీగ గుర్రాన్ని రాసుకుంటూ ఝుమ్మంటుంది. పోగు తీసేస్తే శుద్ధమైన తీగే మిగులుతుంది, తంబురా మాత్రం మిగలదు. మృదంగం ఎడమవైపు కచేరీకి ముందు రవ్వముద్ద అద్దుతారు. డప్పును మంట దగ్గర కాచి, చర్మం బిగిశాక వాయిస్తారు. వాల్వు యాంప్‌దీ డప్పు స్వభావమే. కాగితేనే పలుకుతుంది.

యాంప్‌లో ఈ జీవ ఎక్కడుందో మొదట కనిపెట్టింది ఇంజినీర్లు కాదు, ప్రమాదాలు.

1951 మార్చిలో ఐక్ టర్నర్ బృందం మిసిసిపీ నుంచి మెంఫిస్‌కు రికార్డింగుకు బయలుదేరింది. దారిలో గిటారిస్టు విల్లీ కిజార్ట్ యాంప్ దెబ్బతింది. కారు మీంచి పడిందని ఒకరు, వానకు తడిసిందని ఒకరు చెబుతారు. స్టూడియో యజమాని శామ్ ఫిలిప్స్ చిరిగిన స్పీకరులో కాగితం ఉండచుట్టి కుక్కాడు. అది బొంగురుగా, శాక్సఫోన్ గురక పెట్టినట్టు పలికింది. దాన్ని దాచకుండా పాటలో ముందుకు తెచ్చాడు. ‘రాకెట్ 88’ అలా పుట్టింది. 1958లో లింక్ రే కావాలనే తన స్పీకరుకు పెన్సిల్‌తో చిల్లులు పొడిచాడు. 1964లో కింక్స్ బృందంలోని డేవ్ డేవిస్ చిన్న యాంప్ స్పీకరును బ్లేడుతో చీరాడు. నాష్‌విల్‌లో ఇంకో చిత్రం జరిగింది. మార్టీ రాబిన్స్ పాట రికార్డు చేస్తుండగా మిక్సింగ్ బల్లలో ఒక చానెల్ ట్రాన్స్‌ఫార్మర్ చెడిపోయి, గ్రేడీ మార్టిన్ బేస్ గిటార్ తుమ్మెదలా రొదపెట్టింది. 1961లో ఆ పాట ఆ రొదతోనే వచ్చింది, జనానికి నచ్చింది. గ్లెన్ స్నాడీ అనే ఇంజినీరు ఆ లోపాన్ని ట్రాన్సిస్టర్లతో మళ్ళీ కట్టి చిన్న పెట్టెలో పెట్టాడు. 1962లో మాస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో అది బజారుకొచ్చింది. కొనేవాళ్ళు పెద్దగా లేరు. 1965లో రోలింగ్ స్టోన్స్ ‘శాటిస్‌ఫాక్షన్’లో కీత్ రిచర్డ్స్ దాన్ని తొక్కాక షాపుల్లో దొరకలేదు.

బొంగురు గొంతు బుర్రకథకుడికి చెవులొగ్గిన జనం మనవాళ్ళు. ఆ గొంతులో ఏముందని అడిగితే ‘జీవముంది’ అంటారు తప్ప లెక్క చెప్పరు. ఎలక్ట్రానిక్స్ లెక్క చెబుతుంది.

శ్రుతిపెట్టిన తంబురా దగ్గర కళ్ళు మూసుకు కూర్చుంటే, ఎవరూ మీటని గాంధారం ఒకటి వినబడుతుంది. సంగీతజ్ఞులు దాన్ని స్వయంభూ గాంధారం అంటారు. మాయ కాదు. ఏ తీగైనా ఒక్క పౌనఃపున్యంతో మోగదు. 110 హెర్ట్జ్ దగ్గర షడ్జమం పలికితే వెంట 220, 330, 440, 550 కూడా సన్నగా మోగుతాయి. 330 పై స్థాయి పంచమం, 550 ఆపై స్థాయి అంతర గాంధారం. జీవ చేసే పని ఈ సన్నటివాటికి బలమివ్వడం. వాల్వును దాని శక్తికి మించి తోసినప్పుడు జరిగేదీ ఇదే. లోపలికి గుండ్రంగా వచ్చిన అల తల చదునై బయటికి వెళుతుంది. చదునైన తలంటే కొత్త అతిస్వరాలని అర్థం. అల పైనా కిందా సమానంగా తెగితే మూడు, ఐదు, ఏడు లాంటి బేసి అతిస్వరాలు వస్తాయి. ఒకవైపే ఎక్కువ తెగితే రెండు, నాలుగు కూడా చేరతాయి, అంటే పై స్థాయి షడ్జమాలు. ఒకటి గరుకుగా, ఇంకొకటి నిండుగా వినిపించడానికి కారణం ఇదే.

రెండు స్వరాలు కలిపి తోస్తే ఇంకో వింత. 220 షడ్జమం, 330 పంచమం ఒకేసారి ఒగిర్చే యాంప్‌లోకి పంపితే, వాటి తేడా 110 కూడా పుడుతుంది. అది సరిగ్గా కింది స్థాయి షడ్జమం! చిన్న గిటార్‌లోంచి కొండంత మోత రావడంలో దీని పాత్ర పెద్దది. రాక్ గిటారిస్టులు షడ్జమ పంచమాలనే ఎందుకు పట్టుకు వేలాడతారో చాలావరకు ఇందులోనే ఉంది. అదే పంచమం బదులు గాంధారం కలిపితే గిటార్ మెట్ల లెక్కలో అది 277 దగ్గర పడుతుంది. తేడా 57. కావలసింది 55. ఆ రెండు హెర్ట్జ్‌ల తేడాకే గుండ్రాళ్ళు దొర్లినట్టు రొద.

ఇదంతా ఎక్కడ జరుగుతుంది? తీగ కింది అయస్కాంతం చుట్టూ వేల చుట్ల సన్నటి రాగితీగ ఉంటుంది. అక్కడ పుట్టేది ఒక వోల్టులో పదో వంతు లాంటి పిసరు విద్యుత్తు. యాంప్‌లో మొదటి వాల్వు, సాధారణంగా ఈసీసీ 83, దాన్ని యాభై అరవై రెట్లు చేస్తుంది. ఆరు వోల్టులైంది. తర్వాతి వాల్వు నోటికి పట్టేది ఒకటిన్నర వోల్టు. ఆ రెండింటి మధ్య ఉన్నదే వాల్యూమ్ నాబ్. చెరువు తూము లాంటిది. కొంచెం ఎత్తితే కింది మడికి కావలసినంతే పారుతుంది. పూర్తిగా ఎత్తితే గట్టు తెగుతుంది. వాల్వు యాంప్‌లో వాల్యూమ్ సగం దాటాక మోత పెద్దగా పెరగదు, రంగు మారుతుంది. కొత్తవాళ్ళు నాబ్ చెడిపోయిందనుకునేది ఇక్కడే.

వాట్ల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే సుమారు పది రెట్లు శక్తి కావాలి. 50 వాట్ల యాంప్ తీసేసి 100 వాట్లది కొన్నవాడికి దక్కేది మూడు డెసిబెల్స్, పక్కింటివాళ్ళ తిట్లు. ఇంట్లో వాయించుకునేవాడికి 5 వాట్లు ఎక్కువే.

విషయం అసలు రసపట్టుకు వచ్చేది రెండు పెట్టెల దగ్గర. ఫెండర్ 1952లో బేస్ గిటార్ కోసం బాస్‌మన్ అనే యాంప్ తెచ్చాడు. 1958 నాటికి అది నాలుగు పది అంగుళాల స్పీకర్లతో, ట్రెబుల్, మిడిల్, బేస్, ప్రెజెన్స్ నాబ్‌లతో ముస్తాబైంది. బేస్ వాళ్ళకంటే మామూలు గిటారిస్టులే దాన్ని ఎగరేసుకుపోయారు. లండన్ పడమటి శివారు హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ అనే డ్రమ్ముల మాస్టారు 1960లో వాయిద్యాల కొట్టు పెట్టాడు. వచ్చే కుర్రాళ్ళంతా అమెరికా యాంప్ కావాలంటారు, దిగుమతి ధర వినగానే నీరుగారిపోతారు. కొట్లో రిపేర్లు చూసే కెన్ బ్రాన్, ఈఎంఐలో అప్రెంటిస్‌గా ఉన్న పద్దెనిమిదేళ్ళ డడ్లీ క్రేవెన్ కలిసి 1962లో బాస్‌మన్‌ను విప్పి చూసి కట్టడం మొదలుపెట్టారు. ఆరో నమూనా దగ్గర మార్షల్ తలాడించాడు. జిమ్, కొడుకు టెర్రీ, ఇంటిపేరు మార్షల్: జేటీఎం 45.

సర్క్యూటు దాదాపు మక్కీకి మక్కీ. ధ్వని మాత్రం వేరు! ఎందుకో చూస్తే యాంప్ ఎలక్ట్రానిక్స్ పాఠమంతా అందులోనే దొరుకుతుంది.

బాస్‌మన్ మొదటి వాల్వు 12ఏవై7. దాని పెంపు సామర్థ్యం 44 ప్రాంతం. హాన్‌వెల్‌లో చేతికందింది ఈసీసీ 83, దాని సామర్థ్యం 100. అంటే మార్షల్‌లో తూము ముందునుంచే ఎత్తి ఉంది, గట్టు తొందరగా తెగుతుంది. చివర పవర్ వాల్వులు రెండు. ఒకటి తోస్తుంటే ఒకటి లాగుతుంది. దుంగకు అటొకరు ఇటొకరు నిలబడి కోసే రంపం ఇదే. ఆ ఇద్దరు కూలీలూ మారారు: అమెరికా 5881ల స్థానంలో త్వరలోనే బ్రిటిష్ కేటీ 66లు, ఆపైన ఈఎల్ 34లు. వాల్వులకూ స్పీకరుకూ మధ్య సంబంధం కలిపే ట్రాన్స్‌ఫార్మర్ స్థానిక సరుకు.

ఇక పెద్ద మార్పు స్పీకర్లది. ఫెండర్‌వి వెనక తెరిచి ఉన్న పెట్టెలో పది అంగుళాల జెన్సెన్‌లు. మార్షల్‌వి వెనక పూర్తిగా మూసిన పెట్టెలో పన్నెండు అంగుళాల సెలెస్షన్‌లు నాలుగు. ఘటం మూతి పొట్టకు ఆనించి కొడితే ఒక మాట, ఎడంగా పెట్టి కొడితే ఒక మాట. తెరిచిన పెట్టెలో స్పీకరు వెనకనుంచి వచ్చిన గాలి ముందు గాలిని చాలావరకు మింగేస్తుంది, కింది స్వరాలు పలచబడి గదంతా పరచుకుంటాయి. మూసిన పెట్టె రొమ్ము మీద గుద్దినట్టు ముందుకే కొడుతుంది.

వీటికంటే మనసుకు పట్టే తేడా ఇంకొకటుంది. అది ఒకే ఒక్క తీగ ముక్క ఎక్కడ అతికారన్నది. యాంప్ చివరి నుంచి కొంచెం ధ్వనిని వెనక్కి తెచ్చి, తలకిందులుగా ముందు అంకానికి ఇస్తారు. చేసిన ఖర్చు సాయంత్రం ఇంటి పెద్దకు లెక్క చెప్పినట్టు. తప్పు దొర్లితే వెంటనే సర్దుకుంటుంది. ఈ లెక్క ఎంత కచ్చితంగా చెబితే యాంప్ అంత బుద్ధిగా ఉంటుంది, కానీ తెగినప్పుడు ఒక్కసారిగా తెగుతుంది. ఫెండర్ ఇంట్లో ఆ లెక్క 27 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా ట్రాన్స్‌ఫార్మర్ 2 ఓమ్‌ల కొస నుంచి వచ్చేది. తొలి జేటీఎం 45లో రెసిస్టర్ అదే 27, తీసుకున్నది మాత్రం 16 ఓమ్‌ల కొస నుంచి. ఒకే శక్తి దగ్గర అక్కడి వోల్టేజి దాదాపు 2.8 రెట్లు. అక్షరం మార్చకుండా చేసిన నకలు అర్థం మార్చేసిందన్నమాట. తర్వాతి మార్షల్‌లలో ఈ లెక్కను వదులు చేస్తూ పోయారు, అవి అంతకంతకూ రౌడీలయ్యాయి. వాక్స్ ఏసీ 30లో అసలు ఈ లెక్కే లేదు. చెప్పేవాడూ లేడు, అడిగేవాడూ లేడు. దాని మెరుపుకు అదొక కారణం.

ప్రెజెన్స్ నాబ్ రహస్యమూ ఇక్కడే ఉంది. అందరూ అది పైస్వరాలను పెంచుతుందనుకుంటారు. అది వెనక్కి వెళ్ళే లెక్కలోంచి పైస్వరాలను తప్పిస్తుంది. లెక్క అడిగేవాడు లేకపోయేసరికి అవి రెచ్చిపోతాయి.

1966లో జాన్ మేయాల్ బృందంతో ఆల్బమ్ రికార్డింగుకు వచ్చిన గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ ఇలాంటి మార్షల్‌నే స్టూడియోలో పెట్టి, కచేరీలో ఎంత మోతతో వాయిస్తాడో అంత మోతతోనే వాయించాడు. స్టూడియోవాళ్ళకు అలవాటు లేని పని. ఆ యాంప్ మోడల్ పేరు 1962. సంవత్సరం కాదు, కేటలాగు అంకె. ఆ అంకె చూసి తప్పు లెక్కలు వేసినవాళ్ళు చాలామంది. ఆ ఆల్బమ్‌లోని ధ్వని ఇవాళ్టికీ గిటారిస్టులు వెతుక్కునే గమ్యాల్లో ఒకటి. దాన్ని నాబ్‌లతో వెతికేవాళ్ళకు దొరకదు. అది తూము పూర్తిగా ఎత్తిన 30, 40 వాట్ల పెట్టె మూలుగు.

నాబ్‌ల మాట వచ్చింది కాబట్టి ఒక భ్రమ తీర్చాలి. ట్రెబుల్, మిడిల్, బేస్ మూడూ 5 దగ్గర పెడితే ‘మధ్యస్థం’ అని అందరి నమ్మకం. ఈ పాత సర్క్యూట్లలో ఆ మూడు నాబ్‌లూ దేన్నీ కలపవు, తీసేస్తాయి. అది జల్లెడ. ఫెండర్ జల్లెడలో అన్నీ సగం దగ్గర పెడితే 400, 500 హెర్ట్జ్‌ల దగ్గర పెద్ద గుంట పడుతుంది. గిటార్ గొంతు ఉండే చోటు సరిగ్గా అదే. దాదాపు చదునైన ధ్వని కావాలంటే ట్రెబుల్, బేస్ సున్నా వైపు తిప్పి, మిడిల్ పూర్తిగా ఎత్తాలి. బాస్‌మన్ జల్లెడలో 56 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 250 పికోఫారడ్ కెపాసిటర్ ఉండేవి. మార్షల్ తర్వాత వాటిని 33కూ 500కూ మార్చింది. పావలా ఖరీదు చేసే రెండు ముక్కలు. గుంట పూడి, మధ్యస్వరాలు ముందుకొచ్చి, డ్రమ్ముల మధ్యలోంచి కూడా గిటార్ వినబడసాగింది.

జల్లెడ ఎక్కడ పెట్టారన్నదీ ముఖ్యమే. పప్పు ఉడకకముందే చింతపండు వేస్తే ఏమవుతుందో వంట వచ్చినవాళ్ళకు తెలుసు. సరుకులు అవే, పప్పు మాత్రం ఉడకదు. యాంప్‌లోనూ అంతే. డిస్టార్షన్‌కు, అంటే అల తెగడానికి, ముందు బేస్ ఎక్కువ వెళితే బురద. ముందు తగ్గించి, తెగిన తర్వాత పెంచితే అదే బేస్ గంభీరం. గిటార్ అట్టడుగు తీగ 82 హెర్ట్జ్. ఫెండర్ మొదటి వాల్వు కింద పెద్ద కెపాసిటర్ పెట్టి దాన్నీ నిండుగా రానిచ్చాడు. తర్వాతి మార్షల్‌లలో ఒక చానెల్‌కు ఆ స్థానంలో 0.68 మైక్రోఫారడ్‌ది వేశారు. 200 హెర్ట్జ్‌ల కిందికి వెళ్ళేకొద్దీ బలం తగ్గుతుంది. హార్డ్ రాక్ గిటార్ బిగువంతా ఆ బుల్లి కెపాసిటర్ చలవే అంటే అతిశయోక్తి అవుతుందేమో గానీ, సగం చలవ అంటే కాదు.

విద్యుత్ సరఫరా కూడా సంగీతంలో పాల్గొంటుంది. పాత యాంప్‌లలో ఏసీని డీసీగా మార్చేదీ వాల్వే. గట్టిగా ఒక్క మీటు మీటితే ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, లోపలి వోల్టేజి కాసేపు కుంగుతుంది, మళ్ళీ లేస్తుంది. చెవికి ఆ మీటు మొదట అణిగి, తర్వాత విచ్చుకున్నట్టు ఉంటుంది. గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ ఇంకో అడుగు వేశాడు. వేరియాక్ అనే సర్దుబాటు ట్రాన్స్‌ఫార్మర్‌తో తన మార్షల్‌కు అమెరికా గోడ కరెంటు కాకుండా 90 వోల్టుల ప్రాంతమే ఇచ్చాడు. తక్కువ మోతకే యాంప్ ఒగిర్చేది. మొదట్లో మాత్రం విలేఖరులతో వోల్టేజి పెంచుతున్నానని చెప్పాడు. అది నమ్మి పెంచినవాళ్ళ యాంప్‌లు ఏమయ్యాయో ఊహించుకోవచ్చు. ఆయన డబ్బిచ్చి కొనుక్కున్న లో ఓల్టేజి మన పల్లెల్లో వేసవి సాయంత్రాల్లో ఉచితంగానే దొరికేది. వాడుకునే గిటారే లేకపోయింది.

ఇదంతా వాల్వుల మహిమ అని తీర్పు చెప్పేవాళ్ళకు క్వీన్ బృందం దగ్గర ఒక సమాధానముంది. ఆ బృందంలో బేస్ వాయించిన జాన్ డీకన్ లండన్‌లో ఎలక్ట్రానిక్స్ పట్టా పుచ్చుకున్నవాడు. 1972లో చెత్తకుప్పలో ఒక సర్క్యూటు పలక దొరికితే, తీసుకెళ్ళి చిన్న స్పీకరు పెట్టెలో బిగించి తొమ్మిది వోల్టుల బ్యాటరీకి కలిపాడు. అందులో ఉన్నవి జర్మేనియం ట్రాన్సిస్టర్లు. నాబ్ ఒక్కటీ లేదు. బృందం గిటారిస్టు బ్రయన్ మే దాంట్లో వాయించి, ఒక్కో స్వరం విడివిడిగా రికార్డు చేసి, క్లారినెట్లు, ట్రాంబోన్లు వాయించే బృందమంతా గిటార్‌లోంచి తీశాడు. ‘గుడ్ కంపెనీ’ పాటలో వినిపించేది అదే. వాల్వు గొప్పదా ట్రాన్సిస్టర్ గొప్పదా అన్న చర్చ, కట్టెల పొయ్యి వంటే రుచి అన్న చర్చ లాంటిది. తగువు పొయ్యి గురించి సాగుతుంటుంది, ఉప్పు సంగతి ఎవరూ అడగరు.

అలాగే పాత విడిభాగాల మోజు ఒకటి. 1960ల మార్షల్‌లలో ముల్లార్డ్ కంపెనీ పసుప్పచ్చ కెపాసిటర్లు ఉండేవి, ఆవాల కెపాసిటర్లని ముద్దుపేరు. వాటికోసం ఇవాళ వేలు పోసేవాళ్ళున్నారు. కెపాసిటర్ రంగు వినబడదు, విలువ వినబడుతుంది. ఆ డబ్బుతో స్పీకరు మారిస్తే మూడోవాడు కూడా తేడా పడతాడు.

మెత్తటి వైపునా ఒక మాట. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక సంగీతానికి మాండలిన్ పట్టుకున్నప్పుడు పెద్దల అభ్యంతరం సబబే. మాండలిన్ మోత మీటగానే చచ్చిపోతుంది, గమకం పలకాలంటే స్వరం నిలవాలి. ఆయన రెండేసి తీగల జంటలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టాడు, లాగడానికి వీలుగా. ఎలక్ట్రిక్ మాండలిన్ ఎంచుకున్నాడు, నిలవడానికి వీలుగా. గిటారిస్టు జాన్ మెక్లాఫ్లిన్ పక్కన రిమెంబర్ శక్తి బృందం కచేరీల్లో కూర్చున్నా ఆయన యాంప్‌ను బొంగురు పోనివ్వలేదు. డిస్టార్షన్ అవసరం లేనిచోట అతిస్వరాలు రేపితే గమకం అంచులు చెరిగిపోతాయి. యాంప్ తెలిసినవాడికి దాన్ని ఎక్కడ ఆపాలో కూడా తెలుస్తుందనడానికి 2014 దాకా ఆయన వాయించిన ప్రతి రికార్డూ సాక్ష్యమే.

ఇక్కడిదాకా చదివి స్క్రూడ్రైవర్ కోసం లేచినవాళ్ళతో ఒక మాట. వాల్వు యాంప్‌కు స్పీకరు కలపకుండా ఎన్నడూ వాయించకండి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. లోపల 400 వోల్టులకు పైబడి డీసీ ఉంటుంది, ప్లగ్గు పీకేశాక కూడా కెపాసిటర్లలో అది నిలిచి ఉంటుంది. పాత మెకానిక్కులు ఒక చెయ్యి జేబులో పెట్టుకుని పనిచేసేది స్టయిలుకు కాదు, కరెంటు ఒక చేతినుంచి గుండె మీదుగా రెండో చేతికి దారి వెతుక్కోకుండా. తెలిసినవాళ్ళ పక్కన కూర్చుని మొదలుపెట్టండి. పెద్ద రెసిస్టర్ ద్వారా కెపాసిటర్లను ఖాళీ చేసి, మీటరు సున్నా దగ్గరికి వచ్చిందని కంటితో చూశాకే లోపల చెయ్యి పెట్టండి.